మెట్‌పల్లి నుండి అగ్నిగుండాల వఱకు: సున్నపురాతిలోని లోహముల కథ

మనము దినదినము చేతబట్టు వస్తువులలో రాతినుండి పుట్టిన వెన్ని యున్నవో యెప్పుడైన లెక్కించితిరా? కూరలు తఱుగు కత్తిపీట యినుము. నీళ్లు కాచు కాగు రాగి. బిందె యిత్తడి, అనగా రాగియు తుత్తునాగమును గలసిన లోహము. తాంబూలములోని సున్నము, గడపకు పూయు జాజు, ఇవియు నొకప్పుడు గుట్టలలో రాళ్లయి పడియుండినవే. మనము పుణ్యక్షేత్రములకు బోవునపుడు గుడిని చూతుము, నదిని చూతుము, సంతలో గాజులు చూతుము. దారి కిరుప్రక్కల నున్న రాళ్లను మాత్రము చూడము. ఈ మాఱు రాళ్లను చూచుటకే యొక యాత్ర సాగింతము. మెట్‌పల్లియొద్ద బయలుదేఱి, గోదావరి దాటి, ఆదిలాబాదు చూచి, తుదకు పల్నాటి సీమలోని అగ్నిగుండాల చేరుదము.

మెట్‌పల్లి యుత్తర తెలంగాణములోని పట్టణము. పూర్వము కరీంనగరు జిల్లాలో నుండెడిది. 2016లో జగిత్యాల జిల్లా యేర్పడినపుడు దానిలో జేరినది. నిజామాబాదునుండి ఆర్మూరు మీదుగా జగిత్యాలకు బోవు పెద్దబాట యీ యూరిగుండ సాగును. 2017లో పెద్దపల్లి నిజామాబాదు రైలుమార్గము పూర్తియయ్యెను గనుక రైలుపైనను రావచ్చును. ఖద్దరు నేతకు ఈ యూరు పేరుపొందినది. చుట్టును వరిమళ్లు, మొక్కజొన్న చేలు, పసుపుతోటలు. ఇంత పచ్చని సీమలో లోహముల ప్రసక్తి యేమని మీరడుగవచ్చును. వానలు కురిసి వెలిసిన పిమ్మట నిచ్చటి వాగుల యంచున ఇసుకను పరికింపుడు. తెల్లని యిసుకమీద నల్లని చారలు కనబడును. ఆ నల్లని నలుసులకు సూదంటురాయి చూపినచో గుంపుగా వచ్చి యంటుకొనును. అది అయస్కాంతగుణముగల యినుపరాయి. చేటలో బియ్యము చెరిగినపుడు తేలికయగు పొట్టు ముందునకుబోయి, బరువైన రాళ్లు వెనుకకు నిలుచునట్లు, వాగునీరు తేలికయగు నిసుకను కొట్టుకొనిపోయి బరువైన యినుపనలుసులను వెనుక విడిచిపెట్టును.

ఈ నలుసులే యొకప్పుడు ప్రపంచమునకు ఖడ్గముల నిచ్చినవి. మెట్‌పల్లికి చేరువనే, నిజామాబాదు జిల్లాలో, కోనసముద్రమను గ్రామము గలదు. చిన్న యూరే గాని, యిచ్చటి యుక్కు పారసీక దేశమువఱకు బోయెడిది. పదునేడవ శతాబ్దములో మన దేశము చూచిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే, గోలకొండ రాజ్యపు టుక్కునుగూర్చి తన గ్రంథమున వ్రాసియున్నాడు. కర్నల్ లాంబ్టను నాయకత్వమున భూమిని కొలిచిన వారిలో వైద్యుడుగను, భూగర్భశాస్త్రజ్ఞుడుగను పనిచేసిన హెన్రీ వాయిసీ కోనసముద్రమునకు వచ్చి, యుక్కు వండు పద్ధతిని కన్నులార చూచి వ్రాసికొనెను. ఆయన 1824లో మరణించెను. ఆ వ్రాత 1832లో కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చుపడినది. ఉక్కు కొనుటకై ఇస్ఫహాను నగరమునుండి యొక వర్తకు డచ్చటికి వచ్చి కూర్చుండెననియు, తమ దేశమున నట్టి యుక్కును చేయజూచి వారు విఫలులైరనియు నందున్నది. రెండు తావుల యినుమును గలిపి మూసలో నుంచెడివారట. మిర్త్‌పల్లి యినుము మూడు పాళ్లు, కొండాపురపు టినుము రెండు పాళ్లు. మెట్‌పల్లి పేరే యా దొర చెవికి మిర్త్‌పల్లిగా వినబడెనని తలచుట సహజము. మూసలను మట్టితో వడ్లయూక గలిపి చేసెడివారు. ఆ మూసపెంకుల నిప్పుడు పరీక్షించిన శాస్త్రజ్ఞులకు ఊక కాలిన గుఱుతు లింకను కనబడినవి. మన దంపుడు రోలినుండి పాఱవేసిన పొట్టు, రాజుల ఖడ్గములకు పురుడుపోసిన దన్నమాట!

ఇక నీ యినుమెక్కడినుండి వచ్చినది? మెట్‌పల్లి పరిసరములలోని నేల, రెండువందలయేబది కోట్ల సంవత్సరములనాటి గట్టిరాతి నేల. గ్రానైటును, దాని తోబుట్టువులును ఇందు ముఖ్యములు. వానిలో నక్కడక్కడ ఇనుపరాయియు పలుగురాయియు పొరలు పొరలుగా, చీరయంచు చారలవలె, పేర్చినట్లుండును. ఆ చారలు సముద్రములోనే పుట్టినవి. ఆ కాలమున గాలిలో ప్రాణవాయువు లేదనదగినంత తక్కువ. ప్రాణవాయువు లేని నీటిలో నినుము ఉప్పువలె కరగి యుండగలదు. కంటి కగపడని సూక్ష్మజీవులు సూర్యరశ్మి నాహారముగా జేసికొని ప్రాణవాయువును విడువ మొదలిడగానే, కరగియున్న యినుము తుప్పుగా మాఱి యడుగునకు దిగెను. మన బావినీరు చేదినపుడు తేటగా నుండి, బిందెలో రాత్రి నిలిచినచో నెఱ్ఱనిగాఱ పట్టుట కొన్ని యూళ్లలో మీరెఱుగుదురు. ఆ సముద్రమున జరిగినదియు నదియే. పిదప భూమిలోని వేడియు నొత్తిడియు నా తుప్పును వండి నల్లని గట్టి యినుపరాయిగా మార్చెను.

ముద్దకమ్మరులనువారు ఈ నల్లయిసుకను కడిగి, బొగ్గుతో గూడ మట్టికొలిమిలో బోసి, తిత్తులతో నూదెడివారు. తుప్పులోని ప్రాణవాయువును బొగ్గు లాగికొనగా మెత్తని యినుపముద్ద మిగులును. రాతిలోని యిసుక మాత్రము కొంత యినుముతో గూడి కరగి, నల్లని చిట్టెమై వెలుపలికి బాఱును. నేటి పెద్ద యుక్కు కర్మాగారములలో ఆ యిసుకను పట్టుటకు సున్నపురాతిని వేయుదురు; సున్నము ఇసుకను తనలో గలుపుకొనుటచే నినుము వ్యర్థము గాదు. మన పాతకొలిమిలో సున్నము వేయు వాడుక లేదు గనుక నినుమే తన్ను తాను బలియిచ్చుకొనెడిది. అందుచేతనే యీ ప్రాంతపు చిట్టెపురాయి చేతబట్టిన నంత బరువు. పాత కొలుముల దాపున ముద్దకమ్మరుల దేవతయగు మమ్మాయి గుళ్లును కొన్నియూళ్లలో గలవు.

సున్నపురాతి మాట వచ్చినది గనుక నిక నా రాతి సీమకు బోవుదము. మెట్‌పల్లినుండి తూర్పుగా కోరుట్ల, జగిత్యాల దాటి ధర్మపురి చేరినచో గోదావరీస్నానము, నరసింహస్వామి దర్శనము లభించును. రాయపట్నమువద్ద నది దాటి, లక్సెట్టిపేట మీదుగా మంచిర్యాల చేరునప్పటికి నేల స్వభావమే మాఱిపోవును. గ్రానైటు గుండ్లు వెనుకబడి, పలకలు పలకలుగా విడు రాళ్లు కనబడును. మంచిర్యాల, దేవాపూరు, బసంతనగరముల సిమెంటు కర్మాగారములు ఈ సున్నపురాతిని నమ్ముకొని వెలసినవే. ప్రాణహిత గోదావరుల లోయ యొకప్పుడు క్రమక్రమముగా క్రుంగిన పల్లము. దానిలోనికి మాటిమాటికి సముద్రము వచ్చినది. నదులు సున్నమును కరగించి సముద్రమునకు గొనిపోవును. నీటిలోని బొగ్గుపులుసుగాలి తగ్గినచో సున్నము కరగియుండలేక అడుగున బడును. నీళ్లు కాచు కాగులోపల తెల్లని గార కట్టుట యీ న్యాయముననే. ఆ గార కోట్ల సంవత్సరములు పేరుకొనినచో గుట్టలకు గుట్టలు సున్నపురాయి యగును. మన లోయలో నిది జరుగునాటికి గుల్లలు గాని నత్తలు గాని లేవు; సూక్ష్మజీవుల సన్నని పొరలు మాత్రమే యుండెను.

ఆదిలాబాదు చేరినచో నా సముద్రపు లోతునీటి యడుగును చూడవచ్చును. పెన్‌గంగ పేరు పెట్టబడిన యీ సున్నపురాతి పొరల నడుమ నల్లని మాంగనీసు భస్మపు పొరలును, చెకుముకిరాయి వంటి గట్టిరాతి పొరలును గలవు. ఒకప్పుడు వీనిని త్రవ్వి మాంగనీసు తీసిరి. తెల్లని సున్నములో నల్లని పొర యెట్లు వచ్చెను? లోతున ప్రాణవాయువు తక్కువగు నీటిలో నినుము, మాంగనీసు రెండును కరగియుండును. అవి పైకి వచ్చి ప్రాణవాయువును దాకినపుడు, ఇనుము తొందరపాటుది గనుక ముందుగా తుప్పై దిగిపోవును. మాంగనీసు నిదానము గలది. ఇంకను ప్రాణవాయువు సమృద్ధిగా నుండు తావువఱకు ప్రయాణముచేసి యచ్చట దిగును. ఈ తొందర, ఈ నిదానముల వలననే రెండును కలిసి పయనించియు వేఱు వేఱు తావుల స్థిరపడినవి. ఒకే తల్లి బిడ్డలు వేఱు వేఱు గుణములచే వేఱు వేఱు యూళ్లలో కాపురముండుట వంటిది.

ఇనుము, మాంగనీసుల కథ యిది. సీసము, తుత్తునాగము, రాగియు సున్నపురాతిలో జేరు తీరు వేఱు. అవి సాధారణముగా సముద్రపు టడుగున సున్నముతోపాటు పడినవి గావు; రాయి గట్టిపడిన చాలకాలమునకు, దొంగచాటుగా లోపల ప్రవేశించినవి. పల్లములో పొరమీద పొర పడి మందమైనకొలది, అడుగుపొరలలోని యుప్పునీరు నలిగి, వేడెక్కి, వెలుపలికి దారి వెదకును. మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టించినపుడు ముక్కలలోని సారమంతయు నూటలోనికి దిగునుగదా! అట్లే యీ లోతైన యుప్పునీరు తాను సాగివచ్చిన ఇసుకరాళ్లలోనుండి కొంచెముకొంచెముగా సీసమును, తుత్తునాగమును లాగికొనును. వేడి సాధారణముగా 75 మొదలు 200 డిగ్రీలవఱకు నుండును. పైనున్న రాతి బరువుచే నీరు మరగి యావిరి గాదు.

ఈ లోహముల నీరు సున్నపురాతిని చేరినపుడు మూడు కార్యములు జరుగును. మొదటిది, సున్నపురాయి పులుపునకు కరగును. నిమ్మరసము చుక్క వేసినచో సన్నని బుడగ లెత్తుట మీరే పరీక్షింపవచ్చును. కరగినచోట బొఱియ లేర్పడి, లోహములు కూర్చుండుటకు గదు లమరును. రెండవది, ఆ నీటిలోని మెగ్నీషియము కొంత సున్నమును ద్రోసివేసి తాను చేరుటచే రాయి డోలొమైటుగా మాఱును. అప్పు డది కొంత కుదించుకొని సన్నని రంధ్రములు పడును. మూడవది, రాతిలో చిక్కిన పాత జీవపదార్థమువలన పుట్టిన గంధకపు గాలి, కుళ్లిన గ్రుడ్డు వాసన గలది, లోహముల నీటిని కలిసికొనును. వెండిగిన్నె గంధకము సోకి నల్లబడుట మీ రెఱిగినదే. ఆ విధముగానే కరగియున్న సీసము గంధకమును బట్టి మెఱయు నల్లని గెలీనాయై, తుత్తునాగము స్ఫాలరైటై, ఇనుము బంగరువన్నె పైరైటై ఆ బొఱియలను నింపును. లోహమును తెచ్చినది నీరు, నిలిపినది గంధకము, ఇల్లిచ్చినది సున్నపురాయి.

మన తెలుగునేలపై దీనిని చూడదలచినచో కడప పల్లమునకు బోవలెను. కడప, కర్నూలు, పల్నాడు సీమలను నిండిన యా పల్లమునందు సున్నపురాయి, డోలొమైటు సమృద్ధిగా గలవు. వినుకొండకు సమీపమున నున్న అగ్నిగుండాల ప్రాంతము, 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోనిది. అచ్చటి బండ్లమోటు కొండ డోలొమైటులో సీసము దొరకినది. నల్లకొండలో రాగి దొరకినది. ప్రభుత్వసంస్థగా నున్న దినములలో హిందూస్థాన్ జింకు కంపెనీ బండ్లమోటున సీసపు గనిని నడపెను; అది పిదప మూతపడినది. వారి కంటె శతాబ్దములకు ముందే మనవారు ఆ కొండలను త్రవ్వి లోహము కరగించిన గుఱుతులు గలవు. అగ్నిగుండాల యనుపేరు వినినపుడు ఆ కొలుముల మంటలే మనసున మెదలును.

వారి కా లోహము లోపలనున్నదని యెట్లు తెలిసినది? కొండ తానే చెప్పును. భూమిపైకి వచ్చిన పైరైటు వానకు, గాలికి తుప్పుపట్టి యెఱ్ఱని, పసుపుపచ్చని బెజ్జపు రాయియై పైన కప్పువలె నిలుచును. జర్మను గనిపనివారు దీని నినుపటోపి యందురు. ఆ తుప్పుపట్టుటలో పుట్టిన యామ్లము చుట్టునున్న సున్నపురాతిని దాకగానే దాని పులుపు విఱిగిపోవును. అందుచేత రాగి దూరము పోలేక ఆకుపచ్చని డాగులై నిలుచును. ఇత్తడి చెంబున చింతపండు నిలిచిన పచ్చని చిలుము పట్టుట మీకు తెలియునుగదా! ఆ చిలుమునకు ఈ డాగు చుట్టమే. సీసము తెల్లని భస్మమై యక్కడనే యుండిపోవును. తుత్తునాగము మాత్రము నీటిలో నింకను కొంత దూరము పయనించి వేఱుచోట స్థిరపడును. మనము గడపకు పూయు జాజు గూడ నట్టి యినుపతుప్పే. పసుపువన్నె తుప్పులో నీరు గలిసియుండును. దానిని కాల్చినచో నీరు పోయి యెఱ్ఱనగును.

ఇంతవఱకు కొండల సంగతి చెప్పితిని. ఇక వంటయింటి సంగతి చెప్పక తప్పదు. ఏలనన కొండలో నడచిన న్యాయమే మన గిన్నెలలోను నడచును. సీసమును పులుపు కరగించును. చింతపండు పులుసు, పుల్లనిమజ్జిగ, నిమ్మకాయ యూరగాయ ఇవి యన్నియు నా లోతునీటి వంటివే. కొండలో నా పులుపును విఱుచుటకు సున్నపురాయి గలదు. మన కడుపులో లేదు. రాగి యిత్తడి పాత్రల చిలుమునుండి కాపాడుకొనుటకై మన పెద్దలు కళాయి వేయించిరి. కళాయికి వలయునది తగరము. తగరము ఖరీదైనది, సీసము చౌక, రెండును తెల్లగా మెఱయును. తగరములో సీసము గలిపి కళాయి వేయు వాడు దొరకినచో, మన పులుసులోనికి దినమొక్కింతగా విషము దిగును. సీసము మెత్తన, తెల్లకాగితముమీద గీచినచో బూడిదవన్నె గీత పడును. తగరపుకడ్డీని వంచినచో కిఱుకిఱుమని చప్పుడు చేయును. కళాయివాని చేతిలోని కడ్డీని ముందుగా పరీక్షించుటకు మొగమాట పడకుడు. పేరు తెలియని సంతపాత్రలో పులుసు కాచకుడు.

మెట్‌పల్లి పసుపు సీమ గనుక నింకొక మాట. పసుపునకు మిక్కిలి మెఱుపు రావలెనని సీసము గలిసిన పసుపురంగును పూయు దుష్టవర్తకులు కొన్ని దేశములలో బయటపడిరి. బంగ్లాదేశమున నీ కల్తీ 2019లో శాస్త్రపరీక్షలచే వెల్లడియైనది. అంత మెఱుపు లేని పసుపుకొమ్ములు తెచ్చి యింట దంచుకొనుట మేలు. సీసము చిన్నబిడ్డల బుద్ధిని కుంటుపఱచును. ఇంతవఱకు ఫరవాలేదని చెప్పదగిన మోతాదు దానికి లేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ వారు చెప్పుచున్నారు. పెద్దవారి కొంటికంటె బిడ్డల లేతయొడలు దానిని ఎక్కువగా పీల్చుకొనును. కావున గనుల చెంత పాడుబడిన మన్నుకుప్పలమీద బిడ్డల నాడనీయరాదు.

భయమును చెప్పితిని; ఇక బాధ్యతను చెప్పెదను. ఇంగ్లండులోని ఎక్సిటరు విశ్వవిద్యాలయమువారును, బెంగుళూరులోని జాతీయ ఉన్నతాధ్యయన సంస్థవారును గలసి 2010లో ఉత్తర తెలంగాణపు గ్రామములు తిరిగి, ఇనుము కరగించిన స్థలములను పట్టికగా వ్రాసికొనిరి. వారు చూచినవి పెద్ద కోటలు గావు, శిలాశాసనములు గావు. చిట్టెపు దిబ్బలు, పగిలిన మూసలు, కాలిన మట్టిగొట్టములు. అవియే మన యుక్కుచరిత్రకు మిగిలిన పుస్తకములు. చేను చదునుచేయుటకు, బాట వేయుటకు దిబ్బను త్రవ్వి పోసినచో నొక పుట చినిగినట్లే. ముద్దకమ్మరులు తమ విద్యను తాటాకులపై వ్రాసియుంచలేదు. తండ్రి కొడుకునకు చేతితో చూపెను. సీమయినుము చౌకగా దిగి కొలుములు చల్లాఱిన పిమ్మట చూపువాడును, చూచువాడును లేకపోయిరి. ఇస్ఫహాను వర్తకుడు నెలల తరబడి పయనించి వచ్చి కొన్న సరకును తాము చేసితిమని యా యూళ్ల బిడ్డలకు తెలియవలదా?

మీ యూరి పొలములో బరువైన నల్లరాయి, గాజువలె మెఱయునది, దొరకినచో దానిని పాఱవేయకుడు. అది ఏ దిబ్బనుండి వచ్చినదో పెద్దవారి నడిగి తెలిసికొనుడు. ఆ దిబ్బకు వారు చెప్పు పేరును, కథను బిడ్డలచేత వ్రాయింపుడు, బడిపంతులుగారికి చూపింపుడు. తాతమ్మలకు తెలిసిన పేర్లు మనతో మఱుగుపడినచో నే శాస్త్రజ్ఞుడును మరల వానిని త్రవ్వి తీయలేడు. కొండ తన సంగతిని వన్నెలతో చెప్పుకొనును. మనుష్యుల సంగతిని మనుష్యులే చెప్పవలయును.